రీడ్‌హోఫర్ గారి నిశ్శబ్దం

పోయినవారం కథని మనం ఒక చెల్లో తీగమీద వదిలేసి వచ్చాం. పళ్ళ డాక్టరు విమ్మర్ గారు సాధనలో ఆగాల్సిన చోట ఆగకుండా వాయించేశారు. మారియాబ్రుక్‌లో డెబ్బై ఏళ్ళుగా ఎవరూ చెయ్యని అపచారం అది. పాపం, ఆయన ఆ ఊరికి కొత్త.

ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊరి చర్చిలోనే ఆర్గన్ వాయిస్తూ కన్నుమూసిన బల్తజార్ రీడ్‌హోఫర్ గారు రెండు వయొలిన్లకీ, వయొలిన్‌కన్నా కాస్త పెద్దదైన ఒక వయోలాకీ, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే ఒక చెల్లోకీ కలిపి రాసిన సంగీతం ఒకటి ఉంది. అందులో మూడో భాగం మధ్యలో ఒకచోట నాలుగు వాద్యాలూ ఆగిపోతాయి. ఆయన అక్కడిదాకా రాస్తూండగా పక్కగదిలో భార్య బార్బరా ప్రాణం పోయిందనీ, ఆయన కలం కింద పెట్టేశాడనీ, ఆ ఖాళీ అదేననీ ఊరి కథ. ఏటా ద్రాక్షకోతలయ్యాక ఆయన వర్ధంతి కచేరీలో మూడో భాగం మొదలవగానే జనమంతా లేచి నిలబడతారు. ఆ చోటు రాగానే తలలు వంచుతారు. ముందు బెంచీల ముసలమ్మలైతే ఆ నిశ్శబ్దంలో బార్బరా ఆత్మ రెక్క విదిల్చిన చప్పుడు విన్నామనేవాళ్ళు. కొన్నేళ్ళుగా అది వినబడటం లేదు. ఆత్మ శాంతించిందని ఫాదర్ గారు తేల్చారు. ఆ నిశ్శబ్దంలో దగ్గినవాడికి మాత్రం మారియాబ్రుక్‌లో ఇప్పటికీ పిల్లనివ్వరు.

ఈ ఆదివారం వియన్నా నుంచి రేడియో వాళ్ళు వస్తున్నారు. చర్చిలో కచేరీని పట్టుకుని దేశమంతా వినిపిస్తారట. సరిగ్గా ఇప్పుడే ఈ తగువు వచ్చి పడింది. ఆగాలా, వద్దా?

ఆగి తీరాలంటున్నది వయోలా వాయించే హెడ్విగ్. అరవై దాటిన మనిషి. భర్త అలోయిస్ పోస్టుమాస్టరుగా చేసి, మొన్న వసంతంలోనే పోయాడు. ఈ నలుగురి మేళంలో చెల్లో ఆయనదే. ఆయన కుర్చీలోనే ఇప్పుడు పళ్ళ డాక్టరు కూర్చుంటున్నాడు.

గురువారం మధ్యాహ్నం మందుల షాపు మూసే వేళకి హెడ్విగ్ ఆ షాపు పక్క మెట్లెక్కింది. భుజాన వయోలా పెట్టె, చంకలో గోధుమరంగు కాగితం చుట్టిన ఒక కట్ట. మెట్లు సగం ఎక్కేసరికే కర్పూరం, పుదీనా కలిసిన వాసన వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆమెకి సంగీతమంటే ఆ వాసనే. ఎక్కడైనా జలుబు మందు మూత తీస్తే చాలు, చెవుల్లో అలోయిస్ తీగలు శ్రుతి చేసుకోవడం వినబడుతుంది. ఇప్పుడూ వినబడింది. రెయిలింగు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎక్కింది.

మేడమీద సాధన గదిలో ఓట్‌మార్ మందు కొలిచే బుల్లి గ్లాసుల్లో అక్రోటుకాయల సారా పోస్తున్నాడు. ఆయనే షాపు యజమాని, రెండో వయొలిన్, అలోయిస్‌కి చిన్ననాటి స్నేహితుడు. పెళ్ళి చేసుకోలేదు. ఊరందరి రోగాలూ తెలిసినవాడికి పెళ్ళి మీద మనసెలా పోతుందని అంటూంటాడు.

“పోస్టుమాస్టరమ్మ వేంచేసింది,” అన్నాడు. ఆ ఊళ్ళో భర్త ఉద్యోగం భార్యకి పేరవుతుంది, భర్త పోయినా పేరు పోదు. “ఏం తల్లీ, తుపాకీ తెచ్చావా, వయోలాతోనే సరిపెడతావా?”

“వయోలా చాలు. ఏడీ డాక్టరు?”

“ఎవరివో పీకుతున్నాడు. అయిపోగానే వచ్చి మనవి పీకుతాడు.”

కిటికీ దగ్గర వయొలిన్ తుడుచుకుంటున్న రెసి నవ్వు ఆపుకుంది. హెడ్విగ్ అన్నకూతురు. వియన్నాలో చదువుకుని వచ్చి, తండ్రి తర్వాత మొదటి వయొలిన్ అందుకున్న పిల్ల. అత్త మొహం చూసి ఆ నవ్వు కాస్తా మింగేసింది.

డాక్టరు చెల్లో మోసుకుంటూ ఆయాసపడుతూ వచ్చాడు. మనిషి సన్నగా, ఎప్పుడూ ఎవరినో క్షమించమని అడగబోతున్నట్టు ఉంటాడు.

“అమ్మా, పోయినసారి నా వల్ల తప్పు జరిగిందట,” అన్నాడు కూర్చోకుండానే. “బేకరీలో చెప్పారు, పోస్టాఫీసులో చెప్పారు. ఆఖరికి నా కుర్చీలో నోరు తెరుచుకు పడుకున్న మనిషి కూడా చెప్పాడు. నా చేతులు రెండూ ఆయన నోట్లో ఉండగా ఎలా చెప్పాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు.”

“కూర్చోండి డాక్టర్ గారూ. మీ తప్పేం లేదు. మీ ముందు పెట్టిన కాగితానిది తప్పు.”

“కాగితంలో తప్పు లేదత్తయ్యా,” అంది రెసి. మెత్తగానే అంది. “మఠంలో రీడ్‌హోఫర్ గారి చేతిరాత దొరికింది. అది చూసే అచ్చువేశారు. అక్కడ మన ముగ్గురికీ విరామం ఉంది. చెల్లోకి లేదు. చెల్లో ఆగకూడదు.”

“అచ్చువేసినవాడు కునికిపాట్లు పడి ఉంటాడు.”

“ఆ చేతిరాత నేను కూడా చూశాను.”

“నువ్వూ కునికిపాట్లు పడి ఉంటావు!”

ఓట్‌మార్ గ్లాసు అందించాడు. “తీసుకో. రక్తపోటుకి మంచిది.”

“నాకు రక్తపోటు లేదు.”

“ఇంకో పది నిమిషాలుంటే వస్తుంది.”

హెడ్విగ్ గ్లాసు పక్కన పెట్టింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆమె. అది ఆమెకీ తెలుసు. కానీ ఇది కుందేలు కాదు. ఇది ఎవరికి ఎలా చెప్పాలో తెలియక, చివరికి కొత్తవాడైన డాక్టరు వైపే తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

“డాక్టర్ గారూ, నేను మొట్టమొదటిసారి ఆ కచేరీలో కూర్చున్నప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మా బాబాయికి చెయ్యి విరిగితే నన్ను కూర్చోబెట్టారు. ఆడపిల్ల వాయించడమేమిటని సగం ఊరు గుడ్లురిమి చూస్తోంది. భయంతో నా కమాను తీగమీద గజగజ వణుకుతోంది. ఆ చోటొచ్చింది. అందరం ఆగాం. ఎదురుగా అలోయిస్ తల వంచాడు. నిదానంగా మళ్ళీ ఎత్తాడు. ఎత్తి, నన్ను చూశాడు. అంతే. ఆ నిశ్శబ్దం అయ్యాక మొదట వాయించాల్సింది నేను. నా చెయ్యి వణకలేదు.”

హెడ్విగ్ చంకలోని కట్టని ఇంకాస్త దగ్గరికి అదుముకుంది.

“ఆ తర్వాత ఏటా అక్కడ నన్ను చూసేవాడు. పోట్లాడుకున్న ఏడూ చూశాడు, బిడ్డ పోయిన ఏడూ చూశాడు. యుద్ధం చివర్లో ఆయన్ని కూడా సైన్యంలోకి పట్టుకుపోయారు. అప్పుడు ముగ్గురమే వాయించాం. ఖాళీ కుర్చీ వేసుకుని. అడగండి ఓట్‌మార్‌ని.”

“వాయించాం,” అన్నాడు ఓట్‌మార్ నేలకేసి చూస్తూ. “చర్చిలో పొయ్యి కూడా లేదు. చేతులకి కొసలు కత్తిరించిన మేజోళ్ళు తొడుక్కుని.”

“అందరూ తలలు వంచారు. నేను మాత్రం ఆ కుర్చీకేసి చూస్తూ కూర్చున్నాను. ఎక్కడున్నా ఆయనకీ ఈ నిశ్శబ్దం వినబడుతుందనుకున్నాను. తిరిగొచ్చాడు. ఇప్పుడు మీరందరూ కలిసి అది లేదంటున్నారు. వియన్నాలో అచ్చయిందట, అందులో లేదట! నా కాపురమంతా ఉన్న చోటది. లేదంటే ఎలా?”

రెసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు. మేనత్త పోలికే. “అత్తయ్యా, ఇన్నేళ్ళూ రీడ్‌హోఫర్ గారు రాసింది ఒక్కరం కూడా వినలేదేమో. ఆయన ఊళ్ళోనే ఆయన పాట ఎవరికీ తెలియకపోతే ఎలా? రేడియోలో మొదటిసారి వెళ్తోంది. ఆయన రాసినట్టే వెళ్ళనీ.”

“సరే. ఆయన రాసినట్టే వెళ్ళాలి. ఒప్పుకున్నాను.” హెడ్విగ్ చంకలోని కట్ట ఒళ్ళో పెట్టుకుని దారం విప్పింది. పసుపు తిరిగి, అంచులు నలిగిపోయిన చేతిరాత కాగితాలు. అలోయిస్ చెల్లో కాగితాలు. ఆయనకి గురువు ఇచ్చాడు, ఆ గురువుకి అంతకుముందు వాయించినాయన ఇచ్చాడు. అలోయిస్ పోయాక ఇవాళే బయటికి తీసింది. “రీడ్‌హోఫర్ గారి కాలంలోనే, ఆయన రాసిందాన్ని చూసి ఎత్తిరాసిన కాగితాలివి. ఎవరి వాద్యానికి వాళ్ళకి విడివిడిగా. మనవి మన దగ్గరున్నాయి, చెల్లోది ఇది. డాక్టర్ గారూ, దీంట్లో చూసి వాయించండి. ఆగాలో వద్దో ఇదే చెబుతుంది. ఇది ఏం చెబితే అదే ఆదివారం.”

“మాటేనా?” అన్నాడు ఓట్‌మార్.

“మాటే.”

డాక్టరు ఆ కాగితాలని రెండు చేతులా అందుకుని, అచ్చుప్రతి తీసేసి స్టాండు మీద పెట్టుకున్నాడు. చేతిరాత పెద్దది, పేజీకి పట్టేది తక్కువ. నలుగురూ కమానులెత్తారు.

మూడో భాగం మొదలయింది. రెసి వయొలిన్ సన్నగా, ఎవరినో నిద్ర లేపకుండా పిలుస్తున్నట్టు పాడింది. ఓట్‌మార్ కింద అందుకున్నాడు. హెడ్విగ్ తన వంతు రాగానే కలిసింది. ఇది వాయిస్తుంటే ఆమెకి ప్రతిసారీ అక్టోబరు సాయంత్రాలే గుర్తొస్తాయి. వీధిలో కాల్చిన చెస్ట్‌నట్ల వాసన, కచేరీకి వేసుకునే ఒకే ఒక్క నల్లగౌను, బయట అలోయిస్ చెల్లో మోసుకుంటూ “ఇది నీకన్నా బరువే, కానీ ఎదురు మాట్లాడదు,” అనడం.

ఆ చోటు దగ్గరపడింది. రెసి ఆగింది. ఓట్‌మార్ ఆగాడు. హెడ్విగ్ ఆగింది. చెల్లో ఒక్కటే కిందిస్థాయిలో ఒక పొడుగు స్వరం పట్టుకుని ఉంది. అదీ ఆగింది.

అలవాటుగా తలలు వంగాయి. హెడ్విగ్ కళ్ళు మూసుకుంది. గెలిచాననుకుంది. చూశావా, కాగితం చెప్పింది. ఎంత చక్కగా ఆగాడో, అచ్చం అంతే పొడుగు, ఒక్క పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు...

సర్‌ర్... అని చిన్న చప్పుడయింది.

ఆ చప్పుడు ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో ఏటా విన్నది. ముందు బెంచీల ముసలమ్మలు విన్నదీ అదే. హెడ్విగ్ కళ్ళు తెరిచింది. డాక్టరు బొటనవేలు నాలుకకి తడిచేసుకుని, తల వంచి, పేజీ తిప్పి, తల ఎత్తి, కమాను మళ్ళీ తీగకి ఆనించాడు.

ఎవరూ వాయించలేదు.

“క్షమించండి,” అన్నాడు డాక్టరు కంగారుగా. “పేజీ అయిపోయింది. ఎడమచేతి వేలు తీగ మీదుంది, కుడిచేతిలో కమాను ఉంది. మూడో చెయ్యి లేదు కదా. ఆపక తప్పలేదు.”

“విరామం?” అంది హెడ్విగ్. “విరామం గుర్తు లేదా అక్కడ?”

“లేదమ్మా. ఇదిగో, స్వరం కింద గీత గీశారు. గీత ఈ పేజీ దాటి అవతలి పేజీలోకి వెళ్ళింది. పట్టుకునే ఉండాలని. ఆపకూడదు. ఆపకుండా మాత్రం పేజీ తిరగదు.”

ముందు ఓట్‌మార్ ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. తర్వాత భుజాలు ఊగాయి. తర్వాత మనిషి వయొలిన్ ఒళ్ళో పడేసుకుని పగలబడి నవ్వాడు.

“డెబ్బై ఏళ్ళు! ఇద్దరు బిషప్పులు, అయిదుగురు మేయర్లు టోపీలు తీసి చేత్తో పట్టుకుని... ఓరి దేవుడా... పేజీ తిప్పడానికి! బార్బరా ఆత్మ! రెక్క విదిల్చిందట! నాయనా, బొటనవేలు తడిచేసుకున్న ఆత్మ!”

“ఓట్‌మార్ గారూ, ఊరుకోండి,” అంది రెసి.

హెడ్విగ్ వాళ్ళ మాటలేవీ వినడం లేదు. తన చేత్తో తాను తెచ్చిన సాక్ష్యం తన మీదే సాక్ష్యం చెప్పింది. దానికీ ఆమె బాధపడటం లేదు. అలోయిస్ తల వంచడం ఒక్కటే కళ్ళ ముందు తిరుగుతోంది. చనిపోయిన ఒక ఇల్లాలి కోసం అంత వినయంగా తల వంచే కుర్రవాణ్ణి చూసి కదా మనసిచ్చింది! అతను వంచింది పేజీ మూల వెతుక్కోవడానికా! ఎత్తినప్పుడు ఎదురుగా తను కనబడింది, అంతేనా? గోడ గడియారం ఉంటే గడియారాన్నే చూసేవాడా?

ఆమెకి ఏడుపు రాలేదు.

“డాక్టర్ గారూ,” అంది చివరికి. “మీ అచ్చుకాగితం పెట్టుకోండి.”

“అత్తయ్యా, ఇవాళ్టికి వద్దులే.”

“పెట్టుకోమను. మాటిచ్చాను. రీడ్‌హోఫర్ గారు ఏం రాశారో నేను ఒక్కసారి వినాలి. పోయినవారం కోపంలో వినలేదు.”

మళ్ళీ మొదలుపెట్టారు. రెసి పిలిచింది, ఓట్‌మార్ అందుకున్నాడు, ఈసారి నవ్వు లేదు. ఆ చోటు వచ్చింది. రెసి ఆగింది. ఓట్‌మార్ ఆగాడు. హెడ్విగ్ ఆగింది.

చెల్లో ఆగలేదు.

ఒంటరిగా ఆ ఒక్క స్వరం సన్నగిల్లుతూ, సన్నగిల్లుతూ, ఇక తెగిపోతుందేమో అనిపించేంత దాకా వెళ్ళి, తెగకుండా నిలబడింది. హెడ్విగ్ వంతు వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆమె ఉత్త ఖాళీలోకి కమాను వేసింది. ప్రతి ఏడూ అది లోతు తెలియని నీళ్ళలోకి దిగడమే. ఇప్పుడు కమాను ఆనించగానే కింద నేల తగిలింది. తన మొదటి స్వరం ఆ చెల్లో స్వరం మీద వాలింది. రెండూ కలిసిన చోట ఆమె ఎన్నడూ వినని ఒక తియ్యదనం పుట్టింది. అందరూ ఊరుకున్నాక కూడా ఒకరు ఊరుకోలేదు. ఆమె వచ్చేదాకా పట్టుకుని ఉన్నారు.

ఆమె ఇంకో నాలుగు స్వరాలు వాయించి కమాను దించేసింది. ఏడుపు అప్పుడొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. రీడ్‌హోఫర్ గారు భార్య పోయిన క్షణాన్ని రాయలేదు. వదలకపోవడాన్ని రాశాడు. ఆ సంగతి తెలిసినా, వినిపించాల్సిన మనిషి వసంతంలోనే వెళ్ళిపోయాడు.

రెసి వచ్చి అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంది. ఉన్నట్టుండి తలెత్తింది.

“అత్తయ్యా, ఒకటి అడగనా? మామయ్య పేజీ తిప్పడం నేనెప్పుడూ చూడలేదే.”

“ఏమిటీ?”

“నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మామయ్య కళ్ళు మూసుకునే వాయించేవాడు. కాగితాలు స్టాండు మీద మూసే ఉండేవి. మొత్తం నోటికొచ్చు ఆయనకి. ముసలమ్మలకి ఆ చప్పుడు వినబడటం మానేసింది అందుకే కదా!”

హెడ్విగ్ కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపింది. నిజమే. యుద్ధం నుంచి వచ్చాక అలోయిస్ కాగితాలు తెరవలేదు. కళ్ళు మూసుకునేవాడు. ఆ చోట మాత్రం తెరిచేవాడు.

“స్వరం కింద గీత ఉందని ఆయనకి తెలుసు,” అంది రెసి నెమ్మదిగా. “మన కాగితాల్లో మన విరామమే కనబడుతుంది. చెల్లో ఆగకూడదని చెల్లో వాయించేవాడికి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలిసే దారి లేదు. తిప్పడానికి పేజీ కూడా లేదు. మరెందుకు ఆగాడు?”

హెడ్విగ్ మెల్లిగా తల తిప్పి ఓట్‌మార్‌ని చూసింది. ఇందాకటిదాకా ఇల్లెగిరిపోయేలా నవ్విన మనిషి తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి, అప్పటికే మూసి ఉన్న సారా సీసాకి మళ్ళీ మూత బిగిస్తున్నాడు.

“ఓట్‌మార్.”

“ఊఁ.”

“ఇటు చూడు.”

ఆయన తిరిగాడు. పోస్టుమాస్టరమ్మా అనలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత పేరు పెట్టి పిలిచాడు. “హెడ్విగ్... వాడు నాకు చెప్పాడు. యుద్ధం నుంచి వచ్చిన ఏడు, ఈ గదిలోనే చెప్పాడు. పేజీ సంగతీ చెప్పాడు, ఎందుకు ఆగుతున్నాడో అదీ చెప్పాడు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఇందాక నవ్వింది పేజీ గురించే, నమ్ము. మిగతాది నవ్వే సంగతి కాదు. ఇప్పుడు వాడే లేడు గనక ఆ ఒట్టు...”

“చెప్పకు!”

అంత గట్టిగా అరుస్తానని ఆమే అనుకోలేదు. డాక్టరు కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

“ఇప్పుడు చెప్పకు,” అంది గొంతు తగ్గించి. “నువ్వు చెబితే ఆదివారం నేను ఆయన మాటకే కట్టుబడతాను. ఇన్నేళ్ళూ ఊరు చెప్పిన కథకి కట్టుబడ్డాను, అది చాలు. వాయించాక చెప్పు.”

“మరి ఆదివారం ఎలా వాయిద్దాం?” అంది రెసి. “ఇది ఏం చెబితే అదే అన్నావు కదా?”

“అన్నాను. కాగితం చెప్పింది. మీ మామయ్య మాత్రం కాగితం చెప్పినట్టు చెయ్యలేదే.”

హెడ్విగ్ లేచింది. వయోలాని పెట్టెలో పడుకోబెట్టి మూత వేసింది. డాక్టరు స్టాండు దగ్గరికి వెళ్ళి ముందు అలోయిస్ పాత కాగితాలు తీసుకుంది. తర్వాత అచ్చువేసిన కొత్త ప్రతి కూడా తీసుకుంది. రెండూ కలిపి ఆ గోధుమరంగు కాగితంలోనే చుట్టి దారం కట్టింది.

“అమ్మా,” అన్నాడు డాక్టరు బెదురుగా. “నేను సాధన చేసుకోవాలి. దేన్ని చూసి వాయించమంటారు?”

“ఆదివారం చర్చిలో మీ స్టాండు మీద ఈ రెండింట్లో ఒక్కటే ఉంటుంది,” అంది. “అది చూసి వాయించండి.”

కట్ట చంకలో పెట్టుకుని, కర్పూరం వాసనలోంచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.